బరువెక్కిన ఎలక్ట్రాన్లు: పరివర్తన లోహ ఆక్సైడ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హెవీ ఎలక్ట్రాన్ల (ఘనపదార్థంలో బరువెక్కినట్టు ప్రవర్తించే ఎలక్ట్రాన్ల) దగ్గరికి వచ్చేసరికి చాలామందికి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. సీరియం, యురేనియం సమ్మేళనాల గురించి చదివినదాన్ని ఆక్సైడ్లకు యథాతథంగా అతికించబోతే అది అతకదు. సందేహాల్లో సగం అక్కడ పుట్టినవే. వాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. గామా అన్నచోటల్లా విశిష్టోష్ణంలో ఎలక్ట్రాన్ల వాటాను తెలిపే గుణకం అని అర్థం. దాని విలువలన్నీ మోల్‌కు, కెల్విన్ వర్గానికి మిల్లీజౌళ్ళలో ఇచ్చాను.

## మొదలుపెట్టేవాళ్ళకు

ఎలక్ట్రాన్ నిజంగానే బరువెక్కుతుందా?

లేదు. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి ఎక్కడైనా 9.1 × 10⁻³¹ కిలోగ్రాములే. హెవీ ఎలక్ట్రాన్లున్న స్ఫటికాన్ని త్రాసులో పెడితే ఒక్క మిల్లీగ్రాము కూడా అదనంగా తూగదు. మారేది ఎలక్ట్రాన్ స్పందించే తీరు. ఘనపదార్థంలో ఒక ఎలక్ట్రాన్ కదిలితే చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు సర్దుకోవాలి, వాటి స్పిన్‌లు (ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఉండే చిన్న అయస్కాంత గుణం) కూడా సర్దుకోవాలి. ఈ సర్దుబాటంతా కలుపుకుని కదిలే ఉత్తేజాన్ని క్వాసీపార్టికల్ అంటాం. 1956లో లాండావ్ ప్రతిపాదించిన ఫెర్మి ద్రవ సిద్ధాంతం దీని మీదే నిలబడింది. బరువెక్కేది ఆ క్వాసీపార్టికల్.

కిక్కిరిసిన జనంలో నడిచే మనిషితో దీన్ని పోల్చడం అందరికీ అలవాటు. ఆ పోలిక సగమే నిజం. అక్కడ నడిచేవాడు వేరు, అడ్డు నిలిచే జనం వేరు. ఇక్కడ అందరూ ఒకే రకం ఎలక్ట్రాన్లు, ఏది ఏదో గుర్తుపట్టడం కుదరదు. బరువు ఏ ఒక్క ఎలక్ట్రాన్‌దో కాదు, మొత్తం సమూహానిది.

ఎంత బరువుంటే హెవీ అంటారు? ఏదైనా హద్దు ఉందా?

రాసిపెట్టిన హద్దు ఏదీ లేదు. పోల్చుకోవడానికి కొన్ని విలువలు చూద్దాం. రాగికి గామా 0.7, సోడియానికి 1.4 దాకా ఉంటుంది. 1975లో సీరియం-అల్యూమినియం సమ్మేళనంలో సుమారు 1600 వచ్చింది. హెవీ ఫెర్మియాన్ల (హెవీ ఎలక్ట్రాన్లున్న ఇలాంటి పదార్థాల) కథ అక్కడే మొదలైంది. ఆక్సైడ్లలో రికార్డు లాంటి విలువ లిథియం వనడేట్‌ది (LiV₂O₄), దాదాపు 420. స్ట్రాన్షియం రుథనేట్‌కు (Sr₂RuO₄) 40కి కాస్త తక్కువ.

సీరియం, యురేనియం మీద పనిచేసేవాళ్ళు 400 దాటితేనే హెవీ అంటారు. డి ఎలక్ట్రాన్ల మీద పనిచేసేవాళ్ళు 100 దాటినా ఆ మాట వాడేస్తారు. నన్నడిగితే గామా ఒక్కటే చూడడం కంటే, బ్యాండ్ లెక్క (ఎలక్ట్రాన్ల వికర్షణను సగటుగానే పట్టించుకుని శక్తి స్థాయిల పట్టీలు కట్టే లెక్క) చెప్పిన విలువకు కొలిచిన విలువ ఎన్ని రెట్లో చూడడం న్యాయం. రెండు మూడు రెట్లయితే ఆక్సైడ్లలో మామూలే. పది దాటితే ఆగి ఆలోచించాలి.

స్ట్రాంగ్లీ కోరిలేటెడ్ అంటే అసలు అర్థం ఏమిటి?

రెండు శక్తుల మధ్య పోటీ. ఒకే అణువు (ఇక్కడంతా పరమాణువు అని అర్థం) మీద రెండు ఎలక్ట్రాన్లు కూర్చుంటే వాటి వికర్షణకు అయ్యే ఖర్చు ఒకటి. ఎలక్ట్రాన్ పక్క అణువుకు దూకితే కలిసొచ్చే గతిజశక్తి రెండోది. పరివర్తన లోహ ఆక్సైడ్లలో రెండూ కొన్ని ఎలక్ట్రాన్-వోల్టులే, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. అందుకే ఏది గెలుస్తుందో చిన్న మార్పే తేలుస్తుంది.

1937లో డి బోర్, వెర్వే ఈ చిక్కును బయటపెట్టారు. నికెల్ ఆక్సైడ్‌లో డి బ్యాండ్ పూర్తిగా నిండలేదు కాబట్టి అది లోహం కావాలి, కానీ అది పక్కా ఇన్సులేటర్. దానికి వికర్షణే కారణమని మాట్ వివరించాడు. అలాంటి ఇన్సులేటర్లకు మాట్ పేరే పెట్టారు. 1963లో హబ్బర్డ్ దాన్ని ఒక చిన్న గణిత నమూనాలో పెట్టాడు. చూడ్డానికి రెండే పదాలున్న ఆ నమూనాకు రెండు, మూడు పరిమాణాల్లో ఇప్పటికీ పూర్తి పరిష్కారం లేదు.

హెవీ ఫెర్మియాన్లంటే సీరియం, యురేనియం కదా, ఆక్సైడ్లతో పనేమిటి?

అక్కడి ఎఫ్ ఆర్బిటాళ్ళు అణువు లోపలే ముడుచుకుని ఉంటాయి. పక్క అణువును దాదాపు అందుకోవు, కాబట్టి వాటి ఎలక్ట్రాన్లు బరువెక్కడంలో వింత లేదు. పరివర్తన లోహాల 3డి, 4డి ఆర్బిటాళ్ళు అలా కావు. బయటికి చాచుకుని ఆక్సిజన్ పి ఆర్బిటాళ్ళతో కలుస్తాయి. బ్యాండ్ వెడల్పు ఒకటి రెండు ఎలక్ట్రాన్-వోల్టులు ఉంటుంది. ఇంత వెడల్పున్న బ్యాండ్ నుంచి కొన్ని మిల్లీ ఎలక్ట్రాన్-వోల్టుల స్థాయిలో బరువైన క్వాసీపార్టికల్ పుట్టడం ఆశ్చర్యమే. 1997లో లిథియం వనడేట్ ఫలితం అచ్చయినప్పుడు అంత చర్చ జరగడానికి కారణం ఇదే. అందులో ఎఫ్ ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు.

వేడి చేస్తే ఆ బరువు ఎక్కడికి పోతుంది?

హెవీ ఎలక్ట్రాన్ ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత కిందే ఉంటుంది. దాన్ని కోహెరెన్స్ ఉష్ణోగ్రత అంటారు. లిథియం వనడేట్‌కు అది 20 నుంచి 30 కెల్విన్ మధ్య. దానికి చాలా పైన చూస్తే ప్రతి వనాడియం దగ్గర ఒక స్పిన్ విడిగా ఉన్నట్టు, అయస్కాంత ససెప్టిబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి పదార్థం స్పందించే మోతాదు) క్యూరీ-వైస్ నియమాన్ని పాటిస్తుంది, అంటే వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఢీకొంటూ వెళ్తాయే తప్ప తరంగాల్లా సాఫీగా సాగవు. చల్లబరుస్తూ వస్తే ఆ స్పిన్‌లు విడిగా కనిపించడం మానేసి ఫెర్మి ద్రవంలో కలిసిపోతాయి. ఈ మార్పు మెల్లగా జరుగుతుంది. గ్రాఫ్‌లో పదునైన గీత కోసం వెతికితే దొరకదు, ఎందుకంటే ఇది ప్రావస్థ మార్పు కాదు.

## బరువు ఎలా పుడుతుంది

ఆక్సైడ్లలో కూడా కోండో ప్రభావమేనా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, ఎక్కువమంది తొందరపడి జవాబిచ్చేదీ దీనికే. 1964లో జున్ కోండో వివరించిన ప్రభావంలో రెండు పాత్రలుంటాయి. ఒకటి కదలని స్పిన్, రెండోది దాని చుట్టూ తిరిగే ప్రసరణ ఎలక్ట్రాన్లు. చల్లబడేకొద్దీ ఈ ఎలక్ట్రాన్లు ఆ స్పిన్‌ను కప్పేస్తాయి. సీరియం సమ్మేళనాల్లో పాత్రలు స్పష్టం: కదలనిది ఎఫ్, తిరిగేవి ఎస్, పి, డి. లిథియం వనడేట్‌లో మాత్రం ఉన్నవి వనాడియం డి ఎలక్ట్రాన్లే. రెండు పాత్రలూ అవే వేయాలి.

1999లో అనిసిమోవ్ బృందం ఒక దారి చూపింది. వనాడియం చుట్టూ ఉన్న ఆక్సిజన్ అష్టముఖి కాస్త వంకరపోవడం వల్ల డి ఆర్బిటాళ్ళు రెండు రకాలుగా విడిపోతాయి. ఒక రకంలో ఒక ఎలక్ట్రాన్ కదలకుండా కూర్చుంటుంది, మిగిలిన అర (సగటు లెక్కన) ఎలక్ట్రాన్ వెడల్పైన బ్యాండ్‌లో తిరుగుతుంది. ఇక కోండో నమూనా సిద్ధం. వినడానికి బాగుంది. చిక్కు ఏమిటంటే, ఒకే అణువు మీదున్న రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లను హండ్ నియమం ఒకే దిశలో నిలబెడుతుంది. కోండోకు కావలసింది వ్యతిరేక దిశ. 2007లో అరితా బృందం వేరేలా లెక్కించింది. అందులో మొదటి రకం ఆర్బిటాలే కాస్త డోపింగ్ అయిన (ఎలక్ట్రాన్ల సంఖ్య కొద్దిగా మారిన) మాట్ ఇన్సులేటర్‌లా ప్రవర్తిస్తుంది, బరువు అక్కడే పుడుతుంది, కోండో జోడీ అవసరం పడదు.

నా మొగ్గు రెండో వైపే. గ్రాఫులు కోండో గ్రాఫుల్లా ఉన్నంత మాత్రాన కారణం కోండో కాదు. తక్కువ శక్తి స్థాయి ఒకటి పుడితే చాలు, కారణం ఏదైనా ఆ గ్రాఫులు ఒకేలా వస్తాయి.

మాట్ ఇన్సులేటర్‌కు దగ్గరవుతుంటే బరువు ఎందుకు పెరుగుతుంది?

లోహం ఇన్సులేటర్ కావడానికి రెండు దారులున్నాయి. వాహకాల సంఖ్య తగ్గుతూ సున్నా కావచ్చు, లేదా సంఖ్య అలాగే ఉండి ఒక్కొక్కటి కదలలేనంత బరువెక్కవచ్చు. 1970లో బ్రింక్‌మన్, రైస్ రెండో దారిని లెక్కగట్టారు. వికర్షణ ఒక కీలక విలువను చేరేసరికి ఎఫెక్టివ్ మాస్ (క్వాసీపార్టికల్ బరువు) అనంతం అవుతుంది.

దీనికి చక్కని ఉదాహరణ టైటనేట్లు. లాంథనం టైటనేట్ మాట్ ఇన్సులేటర్. లాంథనం బదులు స్ట్రాన్షియం కలుపుతూ పోతే అది లోహమవుతుంది. 1993లో టోకురా బృందం ఈ శ్రేణిని కొలిచింది. హాల్ గుణకం (అయస్కాంత క్షేత్రంలో అడ్డంగా పుట్టే వోల్టేజి నుంచి వాహకాలను లెక్కపెట్టే కొలత) చూస్తే వాహకాల సంఖ్య రసాయన సూత్రం చెప్పినట్టే ఉంది, గామా మాత్రం ఇన్సులేటర్ వైపు వెళ్ళేకొద్దీ పెరిగింది. అచ్చంగా రెండో దారి. అయితే ఇదే పద్ధతి అన్ని ఆక్సైడ్లకూ పట్టదు. రాగి ఆక్సైడైన లాంథనం-స్ట్రాన్షియం కుప్రేట్‌లో ఇన్సులేటర్ వైపు వెళ్ళేకొద్దీ గామా పెరగకపోగా తగ్గుతుంది.

జామెట్రికల్ ఫ్రస్ట్రేషన్‌కు, బరువుకు సంబంధం ఏమిటి?

ఎంట్రోపీ లెక్క వేస్తే ఇది చాలా సులువుగా అర్థమవుతుంది. స్వేచ్ఛగా ఉన్న ప్రతి స్పిన్ అర, మోల్‌కు ఆర్ లాగ్ 2 (ఆర్ వాయు స్థిరాంకం, లాగ్ సహజ లాగరిథమ్) ఎంట్రోపీ మోస్తుంది. అంటే 5.76 జౌల్/కెల్విన్. సున్నా కెల్విన్‌కు చేరేలోపు ఆ ఎంట్రోపీ ఎటో పోవాలి. మామూలు పదార్థంలో స్పిన్‌లు యాంటీఫెర్రో అయస్కాంత క్రమంలోకి (పక్కపక్కవి ఎదురెదురు దిశల్లో) వెళ్ళి ఒక్కసారిగా దాన్ని వదిలించుకుంటాయి.

చతుర్ముఖి మూలల్లో స్పిన్‌లను పెడితే ఆ దారి మూసుకుపోతుంది. నాలుగింటిలో ప్రతి ఒక్కటీ మిగతా మూడింటికీ వ్యతిరేకంగా నిలబడడం కుదరదు కదా! ఇదే జామెట్రికల్ ఫ్రస్ట్రేషన్. లిథియం వనడేట్‌ది స్పైనెల్ అనే స్ఫటిక నిర్మాణం. అందులో వనాడియం అణువులు సరిగ్గా ఇలాగే, మూలలు పంచుకునే చతుర్ముఖుల అల్లికలో ఉంటాయి. దాన్ని పైరోక్లోర్ జాలకం అంటారు. క్రమం రాదు కాబట్టి ఎంట్రోపీ 20 కెల్విన్ల దాకా మిగిలిపోతుంది. లోహం కాబట్టి చివరికి దాన్ని ఎలక్ట్రాన్ల ఫెర్మి ద్రవమే మింగాలి. 5.76ను 20తో భాగించండి: 0.29 జౌల్, అంటే గామా సుమారు 290. ఫార్ములాకు రెండు వనాడియాలున్న లిథియం వనడేట్‌లో కొలిచినది 420. వనాడియానికైతే 210. ఇంత మోటు లెక్క ఇంత దగ్గరికి రావడం చూస్తే, ఎంట్రోపీని కింది దాకా పట్టి ఉంచిన అల్లికే అసలు కారణమని నాకనిపిస్తుంది. ఆ పని ఏ యంత్రాంగం చేసిందన్నది తర్వాతి ప్రశ్న.

హండ్ మెటల్ అంటే ఏమిటి? అది కూడా హెవీయేనా?

ఒక్కో అణువు మీద చాలా ఆర్బిటాళ్ళు, చాలా ఎలక్ట్రాన్లు ఉన్నప్పుడు హండ్ నియమం వాటి స్పిన్‌లన్నిటినీ ఒకే దిశలో నిలబెడుతుంది. అంత పెద్ద స్పిన్‌ను కప్పడం ప్రసరణ ఎలక్ట్రాన్లకు కష్టం. అందుకని కోహెరెన్స్ ఉష్ణోగ్రత బాగా కిందికి దిగుతుంది, బరువు పెరుగుతుంది. మాట్ ఇన్సులేటర్ దగ్గర్లో లేకపోయినా ఇది జరుగుతుంది.

స్ట్రాన్షియం రుథనేట్ దీనికి ప్రామాణిక ఉదాహరణ. రుథీనియం మీద మూడు ఆర్బిటాళ్ళలో నాలుగు ఎలక్ట్రాన్లుంటాయి. క్వాంటమ్ ఆసిలేషన్ (అయస్కాంత క్షేత్రం మారుస్తుంటే నిరోధకత వంటివి ఊగే తీరు) కొలతల్లో దాని మూడు ఫెర్మి ఉపరితలాల (నిండిన, ఖాళీ స్థితుల మధ్య హద్దుల) మీద మాస్ సుమారు 3, 7, 16 రెట్లు, స్వేచ్ఛా ఎలక్ట్రాన్‌తో పోలిస్తే. బ్యాండ్ లెక్కతో పోలిస్తే పెంపు మూడు నుంచి ఐదు రెట్ల దాకా ఉంటుంది. హెవీ అనడం కంటే మధ్యస్థం అనడం నయం.

## పదార్థాల గురించి

అందరూ లిథియం వనడేట్ గురించే ఎందుకు మాట్లాడతారు?

దాని చుట్టూ ఉన్న బంధువులను చూస్తే తెలుస్తుంది. అదే స్పైనెల్ నిర్మాణంలో వనాడియం బదులు టైటానియం పెడితే లిథియం టైటనేట్ వస్తుంది. అది సుమారు 12 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్. లిథియం బదులు జింక్ పెడితే ప్రతి వనాడియానికీ రెండేసి ఎలక్ట్రాన్లు వచ్చి, అది ఇన్సులేటర్ అవుతుంది. మధ్యలో లిథియం వనడేట్ మాత్రం 0.02 కెల్విన్ దాకా చల్లబరిచినా సూపర్‌కండక్టర్ కాలేదు, అయస్కాంత క్రమమూ చూపలేదు. లోహంగానే ఉండిపోయింది.

ఇందులో వనాడియం ఆక్సీకరణ స్థితి సగటున 3.5. సగం అణువులు 3, సగం 4 అయిపోయి ఒక వరసలో నిలబడవచ్చు కదా అని అడగొచ్చు. మాగ్నెటైట్ 120 కెల్విన్ దగ్గర ఇలాంటి పనే చేస్తుంది. లిథియం వనడేట్ సాధారణ పీడనం వద్ద చేయదు. బాగా ఒత్తిడి పెడితే మాత్రం ఛార్జ్ క్రమం వచ్చి ఇన్సులేటర్ అవుతుంది. అంటే ఛార్జ్, స్పిన్, ఆర్బిటాల్ మూడూ క్రమం అంచున తచ్చాడుతున్నాయి, ఒక్కటీ లోపలికి అడుగు పెట్టడం లేదు. బరువు ఆ ఊగిసలాటలో ఉంది.

ఎలక్ట్రాన్ల సంఖ్య మార్చకుండా బరువు మార్చవచ్చా?

మార్చవచ్చు. స్ట్రాన్షియం రుథనేట్‌లో స్ట్రాన్షియం బదులు కాల్షియం పెట్టండి. రెండిటి వేలన్సీ ఒకటే, ఎలక్ట్రాన్ల సంఖ్య మారదు. కాల్షియం చిన్నది కాబట్టి ఆక్సిజన్ అష్టముఖులు మెలితిరిగి, వాలి, బ్యాండ్ ఇరుకవుతుంది. పూర్తి స్ట్రాన్షియం ఒక సూపర్‌కండక్టర్, పూర్తి కాల్షియం ఒక మాట్ ఇన్సులేటర్. మధ్యలో, ఫార్ములాకు 0.5 స్ట్రాన్షియం ఉన్నచోట, గామా దాదాపు 250 దాకా ఎక్కుతుంది. 4డి ఆక్సైడ్‌కు ఇది అసాధారణం.

కాల్షియం-రాగి-రుథీనియం ఆక్సైడ్ హెవీ ఫెర్మియానా, కాదా?

ఏకాభిప్రాయం లేదు. ఫార్ములాకు మూడు రాగి, నాలుగు రుథీనియం అణువులున్న ఈ పెరోవ్‌స్కైట్‌లో గామా సుమారు 85 వచ్చింది. రాగి మీద స్థానిక స్పిన్‌లు, రుథీనియం మీద ప్రసరణ ఎలక్ట్రాన్లు, కాబట్టి కోండో అని 2004లో ప్రతిపాదించారు. కానీ ఆ 85 మొత్తం ఫార్ములాకు సంబంధించినది. ఏడు లోహ అణువులకు పంచితే ఒక్కోదానికి 12. ఇలా భాగించి చూస్తే ఉత్సాహం కాస్త తగ్గుతుంది. రాగి నిజంగా స్థానిక స్పిన్ మోస్తోందా, లేక రుథీనియంతో కలిసి బ్యాండ్ అయిపోయిందా అన్నదే తేలాల్సిన విషయం.

హెవీ ఎలక్ట్రాన్లుంటే సూపర్‌కండక్టివిటీ వస్తుందా?

రావచ్చు, గ్యారంటీ లేదు. 1979లో స్టెగ్లిచ్ బృందం సీరియం-రాగి-సిలికాన్ సమ్మేళనంలో అర కెల్విన్‌కు కాస్త పైన సూపర్‌కండక్టివిటీ చూపింది. అంతదాకా అయస్కాంతత్వం దానికి శత్రువని నమ్మేవాళ్ళు. ఆక్సైడ్లలో స్ట్రాన్షియం రుథనేట్ 1994లో సూపర్‌కండక్టర్‌గా తేలింది, స్వచ్ఛమైన స్ఫటికాల్లో 1.5 కెల్విన్ దగ్గర. అన్నిటికంటే బరువైన లిథియం వనడేట్ మాత్రం ఇప్పటికీ మొండికేసింది.

## కొలతల దగ్గర

విశిష్టోష్ణం నుంచి గామా ఎలా తీస్తారు? ఎక్కడ మోసపోతాం?

విశిష్టోష్ణాన్ని ఉష్ణోగ్రతతో భాగించి, ఉష్ణోగ్రత వర్గానికి ఎదురుగా గీస్తారు. మామూలు లోహంలో సరళరేఖ వస్తుంది. అది సున్నా దగ్గర నిలువు అక్షాన్ని తాకేచోటు గామా, దాని వాలు జాలక కంపనాల వాటా.

హెవీ ఎలక్ట్రాన్లున్నచోట ఆ రేఖ సరళంగా రాదు. చల్లబడేకొద్దీ పైకి వంగుతుంది, ఎందుకంటే గామాయే ఉష్ణోగ్రతతో మారుతోంది. 10 కెల్విన్ పైనున్న బిందువుల నుంచి రేఖ పొడిగిస్తే తప్పు విలువ వస్తుంది. 1 కెల్విన్ కంటే కింద అణుకేంద్రకాల శక్తి స్థాయిల నుంచి వచ్చే షాట్కీ వాటా తోక పైకి లేచి గామాలా నటించవచ్చు. అన్నిటికంటే ప్రమాదం స్పిన్ గ్లాస్, అంటే స్పిన్‌లు క్రమం లేకుండా గడ్డకట్టిన స్థితి. దాని విశిష్టోష్ణం కూడా ఉష్ణోగ్రతకు అనులోమంగా ఉంటుంది, ఇన్సులేటర్‌లో కూడా! అందుకే గామా పెద్దదిగా వచ్చిందంటే ముందు శాంపిల్ లోహమేనా, ససెప్టిబిలిటీలో ఫీల్డ్-కూల్డ్ (క్షేత్రంలో చల్లబరిచినది), జీరో-ఫీల్డ్-కూల్డ్ (క్షేత్రం లేకుండా చల్లబరిచినది) గీతలు విడిపోతున్నాయా అని చూడండి.

ఇక మోల్ అంటే దేని మోల్? ఫార్ములాదా, పరివర్తన లోహానిదా? పేపర్లలో రెండూ కనిపిస్తాయి. లిథియం వనడేట్ 420 ఫార్ములాకు, వనాడియానికైతే 210.

నిరోధకత ఉష్ణోగ్రత వర్గంతో పెరిగితే హెవీ అని చెప్పేయవచ్చా?

అది ఫెర్మి ద్రవానికి గుర్తు, బరువుకు కాదు. బరువు తెలిసేది ఆ వర్గం ముందున్న గుణకం ఎంత పెద్దదో చూస్తే. 1986లో కదొవాకి, వుడ్స్ గమనించినదేమిటంటే, హెవీ ఫెర్మియాన్లలో ఈ గుణకాన్ని గామా వర్గంతో భాగిస్తే దాదాపు ఒకే సంఖ్య వస్తుంది. మైక్రోఓమ్-సెంటీమీటర్, మిల్లీజౌల్ యూనిట్లలో సుమారు 10⁻⁵. లిథియం వనడేట్ ఏకస్ఫటికంలో గుణకం 2. దాన్ని 420 వర్గంతో భాగిస్తే 1.1 × 10⁻⁵. సీరియం, యురేనియంల పక్కనే సరిగ్గా కూర్చుంది.

దీన్ని మరీ నమ్మకండి. గామా మోల్‌కు లెక్క, నిరోధకత ఘనపరిమాణానికి లెక్క. పెద్ద యూనిట్ సెల్ ఉన్న ఆక్సైడ్లలో, పొరల నిర్మాణం ఉన్నవాటిలో ఈ నిష్పత్తి కారణం లేకుండానే పది వంద రెట్లు జరిగిపోతుంది. 2009లో జాకో, ఫ్యారెస్టాడ్, పవెల్ పరిమాణాన్ని, వాహక సాంద్రతను, జ్యామితిని లెక్కలోకి తెచ్చాక చాలా పదార్థాలు ఒకే గీత మీదికి వచ్చాయి.

ఫొటోఎమిషన్‌లో చదునైన బ్యాండ్ ఎందుకు కనిపించడం లేదు?

ఫొటోఎమిషన్ (కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి కొట్టి వాటి శక్తిని కొలిచే పద్ధతి) నిండిన స్థితులనే చూస్తుంది. లిథియం వనడేట్‌లో 2006 నాటి కొలత ప్రకారం, పదునైన శిఖరం ఫెర్మి స్థాయికి (నిండిన స్థితుల పై అంచుకు) 4 మిల్లీ ఎలక్ట్రాన్-వోల్టుల పైన ఉంది. అంటే ఖాళీ వైపు. వేడికి కాస్త నిండిన తోకను పట్టుకుని, ఫెర్మి-డిరాక్ ఫంక్షన్‌తో భాగించి దాన్ని బయటికి తీశారు. పరికరం రిజల్యూషన్ 10 మిల్లీ ఎలక్ట్రాన్-వోల్టులైతే అసలేమీ కనిపించదు. పైగా స్పైనెల్ పొరలుగా చీలదు, శుభ్రమైన ఉపరితలం దొరకడమే గగనం. పొరల నిర్మాణమున్న రుథనేట్ల మీద ఫలితాలు అందంగా రావడానికి అవి చక్కగా చీలడం ఒక ముఖ్య కారణం.

ఒకే పదార్థానికి వేర్వేరు ప్రయోగాల్లో వేర్వేరు మాస్ వస్తోంది. ఏది నిజం?

అన్నీ నిజమే, అడిగే ప్రశ్నలు వేరు. విశిష్టోష్ణం అన్ని బ్యాండ్ల స్థితి సాంద్రతను కలిపేసి ఒకే సంఖ్య ఇస్తుంది. క్వాంటమ్ ఆసిలేషన్లు ఒక్కో ఫెర్మి కక్ష్యకు విడిగా మాస్ ఇస్తాయి. వేడి పెరిగేకొద్దీ ఆసిలేషన్ ఎత్తు ఎంత త్వరగా తగ్గుతుందో చూసి దాన్ని లెక్కిస్తారు. దానికి చాలా స్వచ్ఛమైన స్ఫటికం, బలమైన అయస్కాంత క్షేత్రం కావాలి. ఆప్టికల్ కొలతలు ఏ పౌనఃపున్యం దగ్గర చూస్తున్నామన్నదాన్ని బట్టి మారతాయి, ఎక్కువ శక్తి దగ్గర బరువు కరిగిపోతుంది.

ఒకచోట మాత్రం జాగ్రత్త పడాలి. ఒకే పారాబొలిక్ బ్యాండ్ ఉన్న ఆదర్శ వ్యవస్థలో సైక్లోట్రాన్ రెజొనెన్స్ (అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు తిరిగే పౌనఃపున్యం కొలత) పరస్పర చర్యల వల్ల పెరిగిన మాస్‌ను చూపదు. దీన్ని కోన్ సిద్ధాంతం అంటారు.

## లెక్కలు చేసేవాళ్ళకు

డీఎఫ్‌టీ (డెన్సిటీ ఫంక్షనల్ థియరీ, మామూలు బ్యాండ్ లెక్క) ఇచ్చే గామా అంత తక్కువ ఎందుకు?

లిథియం వనడేట్‌కు డీఎఫ్‌టీ సుమారు 17 చెబుతుంది, కొలిచినది 420. దాదాపు 25 రెట్ల తేడా. డీఎఫ్‌టీ ఎలక్ట్రాన్ల సగటు సాంద్రతను చూస్తుంది. ఒక ఎలక్ట్రాన్ ఉన్నచోటికి మరొకటి రాకుండా క్షణక్షణం తప్పుకునే కదలిక అందులో ఉండదు. ప్లస్ యూ (ఒకే అణువు మీది వికర్షణను విడిగా చేర్చే సవరణ) కలిపితే సరిపోదా అంటారు. అది ఎలక్ట్రాన్లను అయస్కాంత క్రమంలో పెట్టి గ్యాప్ తెరుస్తుంది, అంటే లోహాన్ని ఇన్సులేటర్ చేస్తుంది. మనకు కావలసింది ఈ రెండిటి నడుమ ఉన్నది. అలాగని డీఎఫ్‌టీ వృథా కాదు. ఫెర్మి ఉపరితలం మొత్తం పరిమాణం పరస్పర చర్యలతో మారదని 1960లో లట్టింజర్ చూపాడు, ఆ పునాది డీఎఫ్‌టీయే ఇస్తుంది.

డీఎంఎఫ్‌టీ (డైనమికల్ మీన్ ఫీల్డ్ థియరీ) ఈ చిక్కును తీర్చేసిందా?

చాలావరకు. 1989లో మెట్జ్‌నర్, వోల్‌హార్ట్ మొదలుపెట్టినది, 1992లో జార్జ్, కోట్లియార్ పూర్తి రూపమిచ్చినది ఈ పద్ధతి. జాలకాన్ని ఒకే అణువుగా కుదించి, దాన్ని తనకు తానే నిర్ణయించుకునే స్నానంలో (చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల మాధ్యమంలో) ముంచుతారు. కాలంతో మారే హెచ్చుతగ్గులన్నీ ఇందులో ఉంటాయి. పక్కపక్క అణువుల మధ్య సంబంధాలు ఉండవు. సెల్ఫ్ ఎనర్జీ (పరస్పర చర్యలు ఎలక్ట్రాన్ శక్తిలో తెచ్చే మార్పు) తరంగ సదిశతో మారదు కాబట్టి మాస్ పెంపు నేరుగా క్వాసీపార్టికల్ వాటా జెడ్‌కు విలోమం.

రుథనేట్లకు ఇది అద్భుతంగా పనిచేసింది. ఫ్రస్ట్రేషన్ ప్రధానమైనచోట మాత్రం పక్క అణువుల స్పిన్ సంబంధాలే అసలు కథ, దాన్ని పట్టాలంటే క్లస్టర్ పద్ధతులు కావాలి. ఖర్చు అమాంతం పెరుగుతుంది, మాంటే కార్లో లెక్కల్లో ధన, రుణ పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునే సైన్ సమస్య ఎదురొస్తుంది. 20 కెల్విన్ అంటే 2 మిల్లీ ఎలక్ట్రాన్-వోల్టుల లోపే. అంత కిందికి లెక్క దింపడం ఇప్పటికీ పెద్ద పని.

## పేపర్ రాసేముందు

వీటితో ఉపయోగం ఏమైనా ఉందా?

నేరుగా బరువును వాడుకునే పరికరం ఏదీ చేతిలో లేదు. దగ్గరగా వచ్చింది థర్మోఎలక్ట్రిక్ రంగం. 1997లో తెరసాకి బృందం సోడియం కోబాల్టేట్‌లో, గది ఉష్ణోగ్రత దగ్గర లోహం స్థాయి ప్రసరణతోపాటు కెల్విన్‌కు 100 మైక్రోవోల్టుల థర్మోపవర్ (ఉష్ణోగ్రత తేడాకు పుట్టే వోల్టేజి) చూసింది. మామూలు లోహాల్లో ఇది కొన్ని మైక్రోవోల్టులే. గ్రాంటు దరఖాస్తుల్లో ఇంతకుమించి వాగ్దానాలు కనిపిస్తే కాస్త సందేహించవచ్చు.

నా ఆక్సైడ్ శాంపిల్‌లో గామా 60 వచ్చింది. హెవీ ఎలక్ట్రాన్ అని టైటిల్‌లో పెట్టవచ్చా?

ముందు ఫార్ములాలో ఎన్ని పరివర్తన లోహ అణువులున్నాయో లెక్కపెట్టి భాగించండి. తర్వాత అదే నిర్మాణానికి డీఎఫ్‌టీ గామా తీసి నిష్పత్తి చూడండి. ససెప్టిబిలిటీ నుంచి విల్సన్ నిష్పత్తి (ససెప్టిబిలిటీకి, గామాకు మధ్య నిష్పత్తి) కట్టండి. ఒకటి నుంచి రెండు మధ్య ఉంటే క్వాసీపార్టికల్ కథ నిలబడుతుంది. పదో ఇరవయ్యో వస్తే ఫెర్రో అయస్కాంతత్వానికి దగ్గరగా ఉన్నారు, లేదా శాంపిల్‌లో అయస్కాంత మలినం ఉంది. పాలీక్రిస్టల్ అయితే నిరోధకతలో గ్రెయిన్ బౌండరీల వాటా ఎక్కువ, దాని గుణకం మీద వాదన కట్టకండి. లిథియం, సోడియం ఉన్న శాంపిల్ అయితే వేడి చేసేటప్పుడు అవి ఆవిరై ఉండవచ్చు. లిథియం వనడేట్‌లో కొద్దిపాటి అయస్కాంత లోపాలే ససెప్టిబిలిటీ తోకను, లిథియం ఎన్ఎంఆర్‌ను మార్చేస్తాయి, లిథియం బదులు జింక్ కలిపితే స్పిన్ గ్లాస్ వైపు పోతుంది. కాబట్టి సంఘటనాన్ని ఎక్స్-రే ఒక్కదాంతో కాకుండా రసాయన విశ్లేషణతో కూడా తేల్చుకోండి. ఇవన్నీ దాటాక పెంపు పదికి పైగా ఉంటే టైటిల్‌లో ఆ మాట ఉంచండి. ఐదారు ఉంటే "మాస్ పెంపు" అని రాయండి, రివ్యూయర్‌తో గొడవ తప్పుతుంది.